ఎనిమిది చెరువులు, తొమ్మిది వరసలు

దెయ్యాల్లేవనేవాళ్ళు ఈ కథకి కావాలి. ఎంతమంది ఉంటే అంత మంచిది. రండి, ముందుకొచ్చి కూర్చోండి, చేతులు కట్టుకోండి, పెదవి విరవండి. కథ అయ్యేలోపు ఒక్కటంటే ఒక్కచోట "ఇది అబద్ధం" అని వేలుపెట్టి చూపించండి. చూపించినవాళ్ళకి ఉప్పుటేరు ఇవతలున్న రొయ్యల చెరువులన్నీ రాసిచ్చేయిస్తాను. అవి నావి కావనుకోండి, అయినా రాయిస్తాను.

దెయ్యమంటే అర్ధరాత్రి పన్నెండు కొట్టాకే డ్యూటీ ఎక్కుతుందని మీకెవరు చెప్పారో గానీ, ఇది మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకి మొదలైంది. ట్యూబులైటు కింద.

ఆకివీడు దాటి కొల్లేరు వైపు ఆరు కిలోమీటర్లు వెళ్తే జగపతిరాజుగారి చెరువులు. వాటి మొగదల ఒక మకాం. రేకుల కప్పు, రెండు గదులు. ఒక గదినిండా మేత బస్తాలు, వాటి నీచు వాసన. రెండో గదిలో చెక్క స్టూలు మీద నల్లటి కంప్యూటరు, దానికి కుంకుమ బొట్టు. రొయ్య వేసిన ఎనిమిది చెరువులకీ ఆ డబ్బానే కాపలా. ప్రతి చెరువులో ఒక మీటరు మునిగి ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో, డీవో అంటారు దాన్ని, ఆ మీటరు క్షణక్షణం చెప్తుంటుంది. తగ్గిందా, కంప్యూటరు ఆ చెరువులో ఏరియేటర్లు తిప్పుతుంది. చక్రాలు నీళ్ళు చిమ్ముతాయి, రొయ్యకి ఊపిరందుతుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

పెట్టక్కర్లేదు కాదు, పెట్టడానికి లేదు. గట్ల మీదున్న చేతిస్విచ్చులన్నీ దుర్గాశ్రీ పీకించేసింది.

దుర్గాశ్రీ అంటే సామాన్యురాలు కాదు. నిడదవోలు పిల్ల. ఒకసారి పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, ఎడం చేత్తో పునుగులు తింటూ, కుడి చేత్తో పన్నెండు కంప్యూటర్లని బతికించింది. పన్నెండు కాదు, పదిహేడు. ఆమె కీబోర్డు మీద వేళ్ళు పెడితే ఫ్యాను అక్కర్లేదు, ఆ గాలికే పక్కవాళ్ళ చెమట ఆరిపోయేది. ఆ చెరువుల వ్యవస్థంతా తన చేత్తో కట్టింది. తన చేత్తో కట్టినది ఆగిపోతుందంటే ఒప్పుకునే మనిషి కాదు.

ఆ రోజు ఆగిపోయింది.

మూడు రోజులుగా మబ్బు. ఎండ లేదు, గాలి లేదు, ఆకు కదల్లేదు. మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టే వేళలా ఉంది. అలాంటి రోజున నీళ్ళలో ఊపిరి ఉండదు. ఎల్లుండి పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు. ఐసు లారీలు కూడా మాట్లాడేశారు. కిలోకి ముప్పై తూగే రొయ్య ఎనిమిది చెరువుల నిండా ఉంది. మోటార్లు ఒక గంట ఆగితే చాలు, ఎనిమిదింట్లోనూ రొయ్య చచ్చి తెల్లగా తేలిపోతుంది. నాలుగు నెలల కష్టం చేపల గుంటలో పారబొయ్యడానికి కూడా పనికిరాదు.

మూడో చెరువు ఆగింది.

"ఏంటండీ, మళ్ళీ పడిపోయిందా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అచ్చిబాబు. మోటార్ల మెకానిక్. చేతిలో కటింగ్ ప్లయరు, భుజాన వైరు చుట్ట.

"పడిపోలేదు. ఈ డబ్బానే చంపింది," అంది దుర్గాశ్రీ తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "లోపల మెమరీ నిండిపోయి ఊపిరాడకపోతే, ఇది ఎవర్నో ఒకర్ని చంపి చోటు చేసుకుంటుంది. మూడో చెరువుని చంపింది."

"రాజుగారితో ఇలాగే చెప్పకండి. ఉన్నచోటే పడిపోతారు."

ఆమె నవ్వలేదు. టాప్ అని కొట్టింది. టాప్ అంటే కంప్యూటరు నాడి పట్టుకోవడం. లోపల ఏయే పనులు నడుస్తున్నాయి, ఒక్కోటి ఎంత మెమరీ తింటోంది, ఎవరి పేరు మీద నడుస్తోంది, అన్నీ వరసలుగా తెర మీద పడతాయి. మూడు సెకన్లకోసారి అంకెలు మారుతుంటాయి.

ప్రతి వరసలోనూ ఒకటే పేరు. చిట్టియ్య.

దానికి భయపడక్కర్లేదు, కారణం ఉంది. చిట్టియ్య ముప్పై ఏళ్ళు ఆ గట్ల మీద తిరిగిన మనిషి. ఆయన చేత్తో రొయ్య పిల్ల వేసిన చెరువు ఏనాడూ పోలేదని పేరు. కంప్యూటరు మొదలుపెట్టిన రోజు రాజుగారు ముహూర్తం పెట్టించి, "మీట చిట్టియ్య చేత నొక్కించమ్మా, వాడి చెయ్యి మంచిది. అన్నీ వాడి పేరు మీదే ఉండనియ్" అన్నారు. దుర్గాశ్రీ అలాగే పెట్టింది. ఎనిమిది చెరువులకి ఎనిమిది ప్రోగ్రాములు, ఎనిమిదీ చిట్టియ్య పేరు మీద. నాలుగు నెలల క్రితం ఆయన పోయాడు. నడుస్తున్నదాన్ని కదపడమెందుకని పేరు మాత్రం అలాగే ఉంచారు.

అందుకని పేరు చూసి ఆమెకేమీ అనిపించలేదు. లెక్కపెట్టాక అనిపించింది.

మూడోది చచ్చింది కాబట్టి ఏడు వరసలుండాలి. ఎనిమిది ఉన్నాయి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ఎక్కువ మెమరీ తింటూ, ఒక వరస.

చెరువు తొమ్మిది.

"మనకి తొమ్మిదో చెరువుకి మీటరుందా?"

అచ్చిబాబు ప్లయరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "తొమ్మిదోదాంట్లో రొయ్యే వెయ్యలేదు కదండీ. మీటరు పెట్టేలోపే చిట్టియ్య అందులో పోయాడు, ఆ పైన రాజుగారు దాని జోలికే వెళ్ళొద్దన్నారు. నాచు పట్టిన నీళ్ళు తప్ప ఏమీ లేదు. మీటరు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మరి ఇదేంటి?"

"నన్నడుగుతారేంటండీ. పెట్టింది మీరు."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. కిల్ అని కొట్టి ఆ వరస నంబరు వేసింది. వరస మాయమైంది. మెమరీ ఎంత మిగిలిందో చూడటానికి ఫ్రీ అని కొట్టింది. నాలుగు జీబీలో మూడు ఖాళీ. హమ్మయ్య అనుకుని మూడో చెరువుని మళ్ళీ లేపబోతుంటే తెర మీద ఇంకో నంబరుతో అదే వరస పుట్టింది. చెరువు తొమ్మిది. ఈసారి ఇంకొంచెం లావుగా.

మళ్ళీ చంపింది. మళ్ళీ పుట్టింది. మైనస్ తొమ్మిది అనేది ఒకటుంది, ఎంత మొండిదాన్నైనా అడక్కుండా నరికేస్తుంది. దాంతో నరికింది. నంబరు మారి మళ్ళీ వచ్చింది. ముప్పై సార్లు నరికింది. మామూలు మనిషైతే మూడోసారికే కుర్చీ విసిరేసి ఇంటికి పోయేవాడు. ఆమె వేళ్ళ కింద కీబోర్డులో రెండు మీటలు ఊడి మేత బస్తాల మీద పడ్డాయి.

ఫోను మోగింది. జగపతిరాజుగారు.

"ఏమ్మా, నా ఫోన్లో మూడోది ఎర్రగా చూపిస్తోంది?"

"చూస్తున్నానండి."

"ఆరోది కూడా ఎర్రబడిందేంటమ్మా?"

ఆమె తెర వైపు చూసింది. ఆరో వరస లేదు. తను మాట్లాడుతుండగానే డబ్బా దాన్ని కూడా మింగేసింది.

"చూస్తున్నాను కదండీ రాజుగారూ."

"చూడ్డం కాదమ్మా, తిప్పాలి. నీ మాట మీదే గట్టు మీద మనుషుల్ని మానిపించాను. నేను భీమవరం నుంచి వచ్చేసరికి గంట పడుతుంది. అప్పటికి నాకు రొయ్యలుంటాయా?"

"ఉంటాయండి" అని పెట్టేసింది.

"కరెంటు తీసి మళ్ళీ పెడితేనో?" అన్నాడు అచ్చిబాబు.

"అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇది లేచి ఒక్కోటీ తిప్పేసరికి ఇరవై నిమిషాలు. లేస్తుందనైనా ఏంటి నమ్మకం?"

"అయితే నేనెళ్ళి మోటార్లకి డైరెక్టు కలిపేస్తానండి. ఎనిమిదోదాంట్లో రొయ్య ఒత్తుగా ఉంది, అక్కణ్ణుంచి మొదలెడతాను." గుమ్మం దాటబోయి ఆగాడు. "ఆ స్విచ్చులుంటే ఇంత బాధ లేకపోను."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అతను చీకటి పట్టిన గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మకాంలో ఆమె ఒక్కతే మిగిలింది. గోడకున్న ఫ్యాను తల తిప్పుతూ కిర్రు కిర్రుమంటోంది. బయట కప్పలు అరుస్తున్నాయి. దూరాన తిరిగే చక్రాల చప్పుడు నీళ్ళ మీంచి వస్తోంది. ఆ చప్పుడు కొంచెం కొంచెం పలచబడుతోంది. ఒకటో చెరువు ఆగింది.

ఆమె పద్ధతిగా మొదలుపెట్టింది. దీన్ని ఎవరు పుట్టిస్తున్నారు? పీఎస్ అని కొట్టి తల్లి నంబరు అడిగింది. సున్నా వచ్చింది. కంప్యూటరు లేచేటప్పుడు మొట్టమొదట పుట్టే రెండు పనులకి తప్ప ఆ సున్నా ఇంకెవరికీ రాదు. మరి దీని ప్రోగ్రాము డిస్కులో ఎక్కడుంది? వెతికింది. లేదు. ఎక్కడా లేదు. లేని ఫైలు నడుస్తోంది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. చదివిన చదువంతా పళ్ళికిలించి వెక్కిరిస్తున్నట్టుంది.

సరే, ఏం కొలుస్తున్నావో చూపించు అనుకుని దాని రీడింగ్ తెరిచింది.

ఐదు పాయింట్ రెండు. నాలుగు పాయింట్ ఆరు. మూడు పాయింట్ తొమ్మిది...

చెరువులో డీవో అలా పడదు. గంటలు పడుతుంది. ఇది కళ్ళ ముందే జారిపోతోంది. రెండు. ఒకటి. అరవంతు. సున్నా. సున్నా దగ్గర కాసేపు వణికింది. తర్వాత ఆ వరస దానంతటదే చచ్చింది. వెంటనే కొత్త నంబరుతో పుట్టింది. ఐదు పాయింట్ రెండు.

ఫోన్లో టైము చూసుకుంది. ఇంకోసారి పడనిచ్చింది. మళ్ళీ చూసుకుంది.

సరిగ్గా నాలుగు నిమిషాలు.

నాలుగు నిమిషాలు అన్న మాట ఆమె ఇదివరకు విన్నది. చిట్టియ్యని ఒడ్డుకి తీశాక డాక్టరు అన్నాడు. పాకుడు మీద కాలు జారి పడ్డాడు, పక్షులు వాలకుండా కట్టిన తాళ్ళు మెడకీ చేతులకీ చుట్టుకున్నాయి, నాలుగు నిమిషాలు కొట్టుకుని ఉంటాడు అన్నాడు.

ఫ్యాను ఆగిపోయింది. కరెంటుంది. ట్యూబులైటు వెలుగుతోంది. ఫ్యాను మాత్రం ఆగింది.

అప్పుడొచ్చింది వాసన. మేత బస్తాలది కాదు. చెరువు ఎండగట్టినప్పుడు అడుగునుంచి వచ్చే నల్లబురద వాసన... కోడిగుడ్డు మురిగినట్టు. గుమ్మం వైపు నుంచి కాదు. స్టూలు వైపు నుంచి.

ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పాలి. ఆ చెరువుల మీద ఒక కట్టుబాటుంది. గట్టు మీద తిరిగే మనిషి ఒక్కో చెరువు చూసి, మకాం వైపు తిరిగి "ఓయ్" అని కేకేస్తాడు. మకాంలో ఉన్నవాళ్ళు "ఆఁ" అనాలి. అంటేనే అతను తర్వాతి గట్టుకి కదులుతాడు. మూడుసార్లు ఆపకుండా "ఓయ్, ఓయ్, ఓయ్" అంటే ఆపదన్నమాట. దానికి "ఆఁ" అనకూడదు. "వస్తున్నా" అనాలి. అన్నాక వెళ్ళాలి. ఆ మాట అని వెళ్ళకుండా ఉన్నవాడు ఆ చెరువుల మీద లేడు.

కంప్యూటరు వచ్చాక రాజుగారు పని మానిపించినా, చిట్టియ్య గట్టు మానలేదు. జీతం లేకుండానే వచ్చేవాడు. గంటకోసారి ఓయ్ అనేవాడు. దుర్గాశ్రీకి అది మహా చిరాకు. మీటరుండగా ఈ అరుపులేంటి అనుకునేది. చేతిస్విచ్చులు అలవాటుగా నొక్కేస్తున్నాడనే పీకించింది.

ఆయన పోయిన సాయంత్రం ఆమె ఇదే కుర్చీలో, చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంది. పాటకీ పాటకీ మధ్య ఓయ్ అని వినిపించింది. ఈయన మానడు అనుకుని సౌండు పెంచింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయన పెళ్ళాం సూరమ్మ, "ఎవరినీ పిలవలేదామ్మా ఆయన?" అని చెయ్యి పట్టుకుని అడిగినప్పుడు కూడా చెప్పలేదు.

కప్పలు ఆగిపోయాయి.

నాలుగో చెరువు ఆగింది. ఇంకా తిరుగుతున్నవి నాలుగే. చంపడం తన వల్ల కాదని ఆమెకి తెలిసిపోయింది. ఎస్‌ట్రేస్ అని ఇంకో ఆయుధముంది. అది చంపదు. నడుస్తున్న పనికి చెవి ఆనించి, అదిప్పుడు ఏం చేస్తోందో వింటుంది. తొమ్మిదో వరసకి దాన్ని తగిలించింది.

ఒక్క లైను వచ్చి ఆగింది. సగంలో ఆగింది. దానర్థం ఆమెకి తెలుసు. ఆ పని ఏమీ చెయ్యట్లేదు. కీబోర్డు నుంచి ఎవరైనా జవాబిస్తారని ఎదురుచూస్తోంది.

ఏ కీబోర్డు? డబ్ల్యూ అని కొట్టింది. ఎవరెవరు లోపలున్నారో చెప్తుంది అది. ఇద్దరున్నారు. ఒకరు ఆమె. ఇంకొకరు చిట్టియ్య, మొదటి తెర. ఈ డబ్బాకి ఒకటే మానిటరు. కానీ మూడు మీటలు కలిపి నొక్కితే వెనకున్న తెర ముందుకొస్తుంది.

నొక్కింది.

నల్లటి తెర. పై నుంచి కింద దాకా ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే తెలుగు మాట.

ఓయ్
ఓయ్
ఓయ్

కింద మినుకు మినుకుమంటూ గీత. జవాబు కొట్టాల్సిన చోటు.

ఆమె అరిచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. అరుస్తానేమోనని భయం. రెండో చేత్తో, ఒక్క వేలితో, కొట్టింది. ఆఁ.

తెర కాసేపు కదల్లేదు. తర్వాత...

ఓయ్ ఓయ్ ఓయ్

ఆపకుండా మూడు. ఒకే లైన్లో.

నాలుగు నెలల కిందట ఇవ్వాల్సిన జవాబు. ఒక్కటే ఉంది. నోటి మీద చెయ్యి తియ్యకుండానే, కళ్ళు మూసుకుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

వస్తున్నా.

మీట నొక్కింది.

తెర తుడిచినట్టయింది. ఫ్యాను కిర్రుమంటూ తల తిప్పింది. ఆమె టాప్ తెరిచింది. ఎనిమిది వరసలు. ఎనిమిదే. ఆమె లేపకుండానే ఒకటీ, మూడూ, నాలుగూ, ఆరూ లేచి కూర్చున్నాయి. మెమరీ మూడు జీబీలు ఖాళీ. బయట చక్రాలన్నీ ఒక్కసారి నీళ్ళని కొట్టిన చప్పుడు గుడివాడ దాకా వినిపించింది. నేనెక్కువ చెప్తున్నాననుకుంటే కైకలూరు దాకా అనుకోండి.

ఫోను మోగింది. "అన్నీ పచ్చబడ్డాయమ్మా, నా తల్లివి," అంటున్నారు రాజుగారు. ఆమె "ఆఁ, ఆఁ" అంటూ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. రొయ్యలు బతికాయి. తను కట్టింది నిలబడింది. అయిపోయింది అనుకుంది.

అప్పుడు గట్టు మీంచి పరిగెత్తుకుంటూ అచ్చిబాబు వచ్చాడు. ప్లయరు లేదు, చెప్పుల్లేవు, వైరు చుట్ట లేదు. గుమ్మం పట్టుకుని ఆమెని పైనుంచి కిందకి చూశాడు.

"మీరు ఇక్కడే ఉన్నారా?" అన్నాడు.

"ఎక్కడికెళ్తాను?"

"వస్తున్నా అన్నారు కదండీ... ఇందాక."

ఆమె చెయ్యి మళ్ళీ నోటి మీదకి వెళ్ళింది. "నేను మాట్లాడలేదు అచ్చిబాబు గారూ. నేను నోరే విప్పలేదు."

"మీ గొంతేనండి. నాకు తెలీదా మీ గొంతు?"

"ఇక్కణ్ణుంచి ఎనిమిదో చెరువు దాకా వినపడుతుందా? నాకు తెలీకుండా గొణిగానే అనుకోండి."

అచ్చిబాబు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"మకాం వైపు నుంచి కాదండీ వినపడింది. నా వెనక నుంచి. తొమ్మిదోదాంట్లోంచి."

మూడో రోజున పట్టుబడి జరిగింది. నలభై లారీల రొయ్య. సరే, నాలుగు. రాజుగారు దుర్గాశ్రీకి పట్టుచీర పెట్టబోతే ఆమె తీసుకోలేదు. సూరమ్మ దగ్గరికి వెళ్ళి తలుపులేసుకుని గంటసేపు ఏదో చెప్పి వచ్చింది. ఆ వారమే ఉద్యోగం మానేసి సామర్లకోటలో ఇంకో పని చూసుకుంది. తొమ్మిదో గట్టు మీదకి ఆ రోజూ వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు. ఇప్పటికీ వాళ్ళమ్మ అన్నానికి పిలిస్తే బదులు పలకదు. మాట్లాడకుండా లేచి వెళ్ళి పీట మీద కూర్చుంటుంది.

ఇందులో నేను కల్పించింది ఏముందో చెప్పండి. ఆకివీడు స్టేషన్ రోడ్డులో, మోటార్లు చుట్టే కొట్టుంది. అక్కడికెళ్ళి అడగండి. ఆ గొంతు ఒక్కసారి కాదు, తను పరిగెత్తుకుంటూ మకాం చేరేదాకా వస్తున్నా, వస్తున్నా అంటూనే ఉందనీ, ప్రతిసారీ ఇంకాస్త దగ్గర నుంచి వినపడిందనీ, గుమ్మం ముట్టుకున్నాకే ఆగిందనీ ఆయనే చెప్తాడు. ఆయన పేరు అచ్చిబాబు.